పడమటి గోడ

శశికళకు నలభై మూడేళ్లు. మహదేవపురలో రింగు రోడ్డు పక్కనున్న ఒక అద్దాల భవనంలో, నాలుగో అంతస్తులో కూర్చుని పాత కట్టడాల బొమ్మలు గీస్తుంది. చేత్తో కాదు, కంప్యూటరు మీద. ఎక్కడో ఒక దేశంలో ఎవరో ఒక కట్టడాన్ని లేజరుతో కొలుస్తారు, ఫొటోలు తీస్తారు. అవి ఇక్కడికి వస్తాయి. వాటి మీద ఆమె ఒక్కో రాయి చుట్టూ గీత గీస్తుంది. ఆ రాయి అయ్యాక పక్క రాయి. రోజుకు వంద రాళ్లు దాటితే ఆ రోజు పని జరిగినట్టు.

పదకొండేళ్లుగా ఇదే పని. ఒక చర్చి గీసింది, ఒక వంతెన గీసింది, ఒక కోట బురుజు గీసింది. ఏదీ కళ్లతో చూడలేదు. చూడాలని ఉందా అని పక్క సీటు ఫయాజ్ ఒకసారి అడిగాడు. కాసేపు ఆలోచించి లేదంది.

ఆమె తండ్రి జయరామప్ప రాయి కొట్టేవాడు. ముళబాగిలు పక్క గుట్టల్లో. తల్లి సొన్నమ్మ అవే గుట్టల్లో జల్లి కొట్టింది, అంటే కంకర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కోలారులో డిప్లొమా అయ్యాక శశికళ పీణ్యకు వచ్చి ఒక మిషన్ షాపులో పన్నెండేళ్లు వాల్వుల బొమ్మలు గీసింది. వాల్వుకు కుడి పక్క ఎలా ఉంటే ఎడమ పక్క అలాగే ఉంటుంది. సగం గీస్తే చాలు. మిర్రర్ అనే కమాండు ఒకటి ఉంది. మధ్యగీత ఎక్కడో చూపించి దాన్ని నొక్కితే, మొదటి సగం అద్దంలో కనిపించినట్టు తిరగబడి రెండో సగంగా వచ్చి కూర్చుంటుంది. ఆ షాపులో ఆమెకు మొదట నేర్పింది అదే. రెండు సగాలూ గీసేవాళ్లను చూసి అక్కడివాళ్లు నవ్వేవారు.

పెళ్లి కాలేదు. దాని వెనక కథేమీ లేదు. ఇప్పుడు తల్లీ కూతురూ సర్జాపురలో ఒక అద్దె ఇంట్లో ఉంటారు.

2019లో వచ్చిన పని నంబరు నూట పద్నాలుగు. టర్కీలో ఆగ్నేయాన ఒక చిన్న ఊరి మసీదు. ఆ ఊరి పేరును ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కోలా పలికి, చివరకు అందరూ నూట పద్నాలుగు అనడం మొదలుపెట్టారు. ఒట్టోమన్ సుల్తానుల కాలంలో, పదహారో శతాబ్దం చివర, ఆ ప్రాంతాన్ని ఏలిన పాషా ఒకడు కట్టించాడు. చదరంగా ఒకే గది. ఒక్కో పక్క పదమూడు మీటర్లు. గది మొత్తానికి ఒకే గుమ్మటం. చదరం మీద గుండ్రం కూర్చోదు గనక, నాలుగు మూలల్లో నాలుగు కమానులు అడ్డంగా వేసి చదరాన్ని ఎనిమిది పలకల ఆకారంగా మార్చారు. ఆ ఎనిమిది పలకల మీద గుమ్మటాన్ని ఉంచారు. పైన సీసపు రేకు కప్పారు. ఉత్తరాన ద్వారం. దాని ముందు మూడు చిన్న గుమ్మటాల వరండా. వరండాకు నాలుగు స్తంభాలు. నాలుగూ అంతకంటే పాత కట్టడమేదో కూలితే తెచ్చినవి. ఎత్తులు సమానం కావు. పొట్టివాటి కింద దిమ్మె ఎత్తు పెంచారు. దక్షిణపు గోడలో మిహ్రాబ్ గూడు. నమాజు ఆ వైపు తిరిగి చేస్తారు.

అది గీస్తున్నప్పుడు ఫయాజ్ ఆమె స్క్రీనులోకి తొంగి చూశాడు. అతనిది కడప.

"మనకు కిబ్లా పడమర కదక్కా. వాళ్లకు దక్షిణమా?"

"మక్కా వాళ్లకు కిందుంది కదా."

"నేను అక్కడికి పోతే అలవాటుకొద్దీ పడమర తిరిగి నిలబడతా. జమాతంతా ఒక పక్క, నేనొక పక్క."

"నిన్ను చూసి వాళ్లూ తిరుగుతారేమో."

"అప్పుడు నేనే ఇమాం అక్కా. ఈ ఉద్యోగం మానేస్తా."

ఇద్దరూ నవ్వారు. అది 2019 సెప్టెంబరు.

గోడలు నల్ల రాయి ఒక వరస, పసుపు రాయి ఒక వరస. నల్లది లావా గట్టిపడిన రాయి. పసుపుది సున్నపురాయి. ప్రతి వరసా ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు. గోడకు లోపలి ముఖం, బయటి ముఖం రెండూ చెక్కిన రాళ్లే. మధ్యలో కంకర, సున్నం పోశారు. పక్కపక్క రాళ్లను, రెండు కొసలూ కిందికి వంచిన ఇనుప కమ్మీతో కలిపారు. కొసలు దిగే గుంటల్లో కరిగిన సీసం పోశారు. ఇనుముకు తుప్పు పట్టకుండా, భూమి కదిలితే రాయి పగలకుండా. తూర్పు గోడ గీయడానికి ఆమెకు ఆరు రోజులు పట్టింది.

అక్టోబరులో జయరామప్ప పోయాడు. ఊపిరితిత్తుల నిండా రాతి పొడి. చివరి నెల అంతా కూర్చునే నిద్రపోయాడు. పన్నెండో రోజు శశికళ ఆఫీసుకు వచ్చింది. అప్పటిదాకా ఏడవలేదు. ఏడుపు వస్తుందని రెండు మూడు వారాలు చూసింది. తర్వాత చూడటం మానేసింది. అన్నం రుచి తెలిసేది. బస్సులో సీటు దొరికితే కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే మాట్లాడేది. ఏదీ ఆగలేదు.

ఆఫీసుకు తిరిగి వచ్చిన వారమే పడమటి గోడ వంతు వచ్చింది. దాని ఫొటోలు బాగా లేవు. గోడకు ఆనించి కింద వరసగా దుకాణాలు, వాటి రేకుల కప్పులు. పైన ఒక పెద్ద కంబళిచెట్టు, అంటే మల్బరీ. లేజరు కొలతల్లో కూడా సగం గోడ లేదు, ఆకులే ఉన్నాయి. అలాంటప్పుడు మళ్లీ ఫొటోలు తీసి పంపమని అడగాలి. అడిగితే మూడు వారాలు. బొమ్మలు పంపాల్సింది శుక్రవారం.

ఆమె తూర్పు గోడను ఎంచుకుంది. మధ్యగీత చూపించింది. మిర్రర్ నొక్కింది.

ఆరు వందల నలభై రాళ్లు ఒక్కసారిగా వచ్చి అవతలి పక్క నిలబడ్డాయి. కిటికీలు సరిగ్గా కలిశాయి. ఆకుల సందుల్లో రెండు మూడు చోట్ల రాతి సందులు కలవలేదు. నలుపు ఉండాల్సిన చోట పసుపు కనిపించింది. ఆమె చూసింది. ఏమీ అనిపించలేదు.

టీమ్ లీడు ప్రవీణ్ నెల్లూరువాడు. ఆమె కంటే తొమ్మిదేళ్లు చిన్న.

"సూపర్ అక్కా. వెస్ట్ వాల్ ఇంత ఫాస్ట్‌గా ఎలా అయిపోయింది?"

"తూర్పు లాగే ఉంది."

"సిమెట్రీ కదా. ఓల్డ్ పీపుల్ భలే కట్టేవాళ్లు."

తనిఖీ చేసినట్టు సంతకం పెట్టాడు. బొమ్మలు శుక్రవారమే వెళ్లాయి.

2023 ఫిబ్రవరిలో ఆ దేశంలో భూమి కంపించింది. క్యాంటీన్ టీవీలో కూలిన మేడలు చూపించారు. ఒకటి రెండు వారాలకు నూట పద్నాలుగు సంగతి తెలిసింది. మినారు సగానికి విరిగింది. గుమ్మటం సగం లేదు. పడమటి గోడ మొత్తం బయటికి, దుకాణాల మీదకు పడింది. తెల్లవారకముందు గనక దుకాణాల్లో ఎవరూ లేరు. తూర్పు గోడ నిలిచే ఉంది.

మసీదును తిరిగి కట్టే పని రెండేళ్ల తర్వాత మొదలైంది. పడిన రాళ్లను ఊరి బయట ఆ ఏడు బీడు వదిలిన గోధుమ చేలో వరసలుగా పరిచారు. ఒక్కో రాయికి తెల్ల రంగుతో ఒక నంబరు వేశారు. ఒక్కో రాయినీ కొలిచి, బొమ్మలో ఏ రాయో పోల్చి, దాని చోటు దానికి రాశారు. పోల్చడానికి వాళ్ల దగ్గరున్న బొమ్మ ఒక్కటే. శశికళ గీసింది.

2025 ఆగస్టులో ఒక గురువారం అక్కడి నుంచి మెయిలు వచ్చింది. రాసింది నెస్లిహాన్, ఆ పనిని చూసే ఇంజనీరు. పడమటి గోడ కింద దొరికిన రాళ్లలో రెండు వందల పద్నాలుగు రాళ్లు బొమ్మలో ఎక్కడా కుదరడం లేదు. ఎత్తు ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది సెంటీమీటర్లు ఉన్నాయి. ముప్పై ఎనిమిది లేదు. బహుశా ఇవి కూలిన దుకాణాలవి, పక్క ఇళ్లవి అయి ఉంటాయి. మంగళవారం లారీ వస్తుంది. వీటిని రోడ్డు కిందికి కంకరగా ఆడిస్తారు. వీటి బదులు క్వారీ నుంచి కొత్త రాళ్లు చెక్కిస్తారు. ఈ రాళ్లు మసీదువి కావని సోమవారం కాల్‌లో మీరు ఖాయం చేయాలి.

కింద రెండు వందల పద్నాలుగు ఫొటోలు.

"అక్కా, ఇది టూ మినిట్స్ పని," అన్నాడు ప్రవీణ్. "కన్ఫర్మ్‌డ్ అని చెప్పేస్తే క్లోజ్ అయిపోతుంది."

శుక్రవారం ఇంటి నుంచి పని. ఆమె పొద్దున్నే ఆ ఫొటోలు తెరిచింది. మొదటి రాయి పై ముఖం మీద చిన్న గుంట, గుంటలో బూడిద రంగు ముద్ద. సీసం. రెండో రాయికీ ఉంది. ఇరవై రాళ్లు చూసింది. పదిహేడింటికి ఉంది.

2019లో బొమ్మలతో పాటు మసీదు చరిత్ర పన్నెండు పేజీలు వచ్చింది. అప్పట్లో ఎవరూ చదవలేదు. ఇప్పుడు వెతికి తెరిచింది. తొమ్మిదో పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ ఒకసారి భూమి కంపించింది. అప్పుడూ పడమటి గోడే పడింది. కట్టించిన పాషా వంశం అప్పటికి లేదు. ఊరివాళ్లే చందాలు వేసుకుని, పాడుబడిన సత్రం నుంచి రాళ్లు మోసుకొచ్చి కట్టుకున్నారు, నలుపు పసుపు వరస నిలపలేకపోయారు.

ఆమె బొమ్మలో అదేదీ లేదు. ఆమె బొమ్మ ప్రకారం ఆ గోడ ఎప్పుడూ పడలేదు. ఆ ఊరివాళ్లు ఏ రాయీ మోయలేదు.

మధ్యాహ్నం సొన్నమ్మ రెండు పళ్లాల్లో రాగిముద్దలు, ఆకుకూరతో చేసిన సొప్పు సారు తెచ్చి పక్కన కూర్చుంది. స్క్రీను వైపు చూసింది.

"ఏమ్మే, ఎవురి రాళ్లు అవి?"

"టర్కీవి."

"ఎంత దూరం?"

"విమానంలో పోవాల. మసీదు గోడ కూలింది. ఇవి మసీదువి కాదంట. పక్కన అంగళ్లు కూలినాయి, వాటివంట."

సొన్నమ్మ ముద్ద పళ్లెంలో పెట్టి చెయ్యి చీర చెంగుకు తుడుచుకుంది. ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవుడు చెప్పింది? అంగడి గోడకు ఎవుడన్నా ఇంత నున్నగా మొగం తీస్తాడా? ఎనక పక్క చూడు, మొరటుగా వదిలేసినాడు. లోపల జల్లి పోసే గోడకు అట్ల వదుల్తారు. ఇది లావు గోడది. ఈ బొక్క ఏంది?"

"ఇనుప కమ్మీకి. అందులో సీసం పోస్తారు."

"చూడు మళ్లా. సీసం పోసి అంగడి కడతారా? లోపల ఏం అమ్ముతాండారు, వజ్రాలా?"

శశికళ తర్వాతి ఫొటో తెరిచింది. సొన్నమ్మ అది కూడా చూసింది.

"చెప్పినోడు ఎవుడో సుమ్నె, ఊరికే చెప్పినాడు."

"చెప్పింది నేనే," అంది శశికళ. "గోడ చూడకుండా గీసినా. ఎదురు గోడను తిప్పి పెట్టినా. నాయన పోయిన నెలలో."

సొన్నమ్మ కూతురి వైపు చూసింది. తర్వాత ముద్ద తుంచి సారులో అద్ది మింగింది. ఇంకోటి తుంచింది.

"మీ నాయన ఒగసారి తప్పు కొట్టినాడు. నీకు తెల్దు. నువ్వు కోలార్లో చదువుతాండావు. కాలేజీకి మెట్లు కొట్టే పని. నాలుగు రాళ్లు అర ఇంచి కురచ కొట్టినాడు. మేస్త్రి చెప్పినాడు, సందులో సిమెంటు మెత్తితే ఎవురికి కనపడతాది పోప్పా అని. మనోళ్లల్లో అట్ల చేయరు. తప్పు రాయి కొట్టినోడు ఆ రాయి మీదే కూసోని, అందరి ముందర ముద్ద తినల్ల. ఒగ రాయికి ఒగ దినం."

"నాలుగు దినాలా?"

"నాలుగు దినాలు. నేనే ముద్ద ఎత్తుకోని పోయినా. వాళ్లు వదుల్తారా? ఏమప్పా జయరామప్పా, రాయి కురచైంది, ముడ్డి పడతాందా అని ఒగడు. కొంచెం జరుగప్పా, నేనూ కూసుంటా, ఓ చోటు లేదే అని ఇంకొగడు."

"నాయనేమన్న్యాడు?"

"ఏమంటాడు. ఇంకో ముద్ద ఎయ్యి అన్న్యాడు."

అక్కడ నవ్వాలని శశికళకు తెలిసింది. నవ్వు రాలేదు.

"ఆ మెట్లు?"

"మళ్లా కొట్టినాడు. నువ్వు తిను, చల్లారిపోతాది."

శని, ఆదివారాలు గడిచాయి. ఆమె బట్టలు ఉతికింది. గ్యాసు సిలిండరు వస్తే తలుపు తీసింది. రాళ్ల ఫొటోలు మిగిలినవి కూడా చూసింది. నూట తొంభై ఆరు రాళ్లకు సీసపు గుంటలు ఉన్నాయి.

సోమవారం పదకొండు గంటలకు టీ మిషను దగ్గర ప్రవీణ్‌కు చెప్పింది. అతను కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"జోకా అక్కా?"

"కాదు."

"వెస్ట్ వాల్ మొత్తమా?"

"మొత్తం."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సిక్స్ ఇయర్స్ అయిపోయింది అక్కా. క్లయింట్ యాక్సెప్ట్ చేసేశాడు. సైన్-ఆఫ్ ఎవరిది? నాది. నువ్వు ఒక్కదానివే కాదు ఇందులో."

"తెలుసు."

"సరే, విను. కన్ఫర్మ్ చేయొద్దు. అది నేనూ ఒప్పుకుంటా. డేటా క్వాలిటీ పూర్, మేము ష్యూర్‌గా చెప్పలేం అందాం. అది అబద్ధం కూడా కాదు. వాళ్లే మళ్లీ చెక్ చేసుకుంటారు."

"చేసుకుంటారా? రేపు లారీ వస్తుంది."

"లారీ మన స్కోప్ కాదక్కా." అతను టీ తాగకుండా కప్పు పారేశాడు. "ఏప్రిల్‌లో నా ప్రమోషన్ ఉంది. తెలుసు కదా నీకు."

"తెలుసు," అంది ఆమె. నిజంగానే తెలుసు. ఆ సంగతి అతను మొదట చెప్పింది ఆమెకే.

రెండు గంటలకు కాల్. అక్కడ ఇంకా పొద్దుటి పూటే. నెస్లిహాన్ చేలోనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. తల మీద తెల్ల హెల్మెట్, దాని మీద దుమ్ము. వెనక రాళ్ల వరసలు. ఒక రాయి మీద ఒక ముసలి మేస్త్రి కూర్చుని సిగరెట్టు తాగుతున్నాడు. మాటలన్నీ ఇంగ్లీషులో. రెండు వందల పద్నాలుగు రాళ్ల మాట ఏమిటని నెస్లిహాన్ అడిగింది.

"ఆ సైడ్ మా డేటాలో కొన్ని గ్యాప్స్ ఉన్నాయి," అని ప్రవీణ్ మొదలుపెట్టాడు.

శశికళ తన మైకు తెరిచింది.

"పడమటి గోడను నేను చూడలేదు. తూర్పు గోడను తిప్పి అక్కడ పెట్టాను. ఆ బొమ్మ తప్పు. ఆ రాళ్లు మసీదువే. చరిత్ర తొమ్మిదో పేజీలో ఉంది."

అక్కడ గాలి వీస్తున్న చప్పుడు వినిపించింది.

"కొంత గోడా, మొత్తం గోడా?" అంది నెస్లిహాన్.

"మొత్తం."

నెస్లిహాన్ కళ్లద్దాలు తీసింది. కళ్లకు అరిచేయి అడ్డం పెట్టుకుని నేలకేసి చూసింది.

"ఐదు నెలలుగా మీ బొమ్మ పట్టుకుని ఈ చేలో తిరుగుతున్నాను. ఇవి గోడ రాళ్లేనని యాకూబ్ ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. నలభై ఏళ్లుగా గోడలు కడుతున్నవాడు. నేను మీ బొమ్మ చూపించి ఆయన నోరు మూయించాను."

వెనక్కి తిరిగి ఆ ముసలాయనతో తమ భాషలో ఏదో చెప్పింది. ఆయన సిగరెట్టు తీసి ఒక్క మాట అన్నాడు. ఆమె దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు.

"లారీ ఆపుతాను," అంది. "నాకు నిజమైన బొమ్మ కావాలి."

కాల్ ఏడు నిమిషాల్లో అయిపోయింది. శశికళ మైకు మూసింది.

బుధవారం ఆమెకు ఒక ఉత్తరం ఇచ్చారు. ఇకమీదట విదేశీ పనులేవీ ఆమెకు ఇవ్వరు. పడమటి గోడ బొమ్మ సరిచేసి ఇవ్వడానికి ఆరు వారాలు. ఆ తర్వాత సర్జాపుర రోడ్డులో లేస్తున్న అపార్టుమెంట్ల పార్కింగు బొమ్మలు. ప్రవీణ్‌కు కూడా ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఏముందో ఆమెకు చెప్పలేదు. ఆ రోజు నుంచి అతను ఆమెను అక్కా అనడం మానేశాడు. శశికళ గారూ అన్నాడు.

సరిచేయడానికి గోడ లేదు. ఉన్న ఫొటోల్లో ఆకులున్నాయి. ఫయాజ్ తన కుర్చీ జరుపుకుని వచ్చి ఆ ఆకుల వైపే చాలాసేపు చూశాడు.

"అక్కా, ఆ ఊళ్లో పెళ్లిళ్లు అవుతాయి కదా."

"అవుతాయి."

"ఈ గోడ ముందర ఫొటోలు దిగే ఉంటారు. మా కడపలో చూడు, మంచి గోడ కనబడితే మావోళ్లు వదలరు. మా చిన్నాన్న ఐతే పోలీస్ స్టేషన్ గోడ ముందర దిగినాడు. అదొక్కటే కొత్తగా సున్నం కొట్టిందంట."

ఆమె నెస్లిహాన్‌కు రాసింది. వారం తర్వాత ఊరివాళ్లు ఇచ్చిన ఫొటోలు రావడం మొదలైంది. మొత్తం తొంభై ఏడు. దుకాణాలు రాకముందువి కొన్ని, చెట్టు చిన్నగా ఉన్నప్పటివి కొన్ని. పెళ్లిళ్లు. ఫుట్‌బాల్ జట్టు. ట్రాక్టరు కొన్న రోజు. ఒక శవపేటిక, దాన్ని మోస్తున్న ఆరుగురు. టోపీ పెట్టుకున్న ముసలాయన కాళ్ల దగ్గర రెండు గొర్రెలు. అందరూ కెమెరావైపు చూస్తున్నారు. అందరి వెనకా పడమటి గోడ.

ఆమె మనుషుల మధ్య ఖాళీల్లో రాళ్లు వెతికింది. పెళ్లికొడుకు చెవి వెనక ఒక నల్ల రాయి అంచు. గోల్‌కీపరు మోచేయి దగ్గర రెండు పసుపు రాళ్ల సందు. కిటికీ ఊచల కొలత తెలుసు గనక దాన్నిబట్టి రాయి కొలత తీసింది. ఆ కొలతను చేలో పడి ఉన్న రాళ్ల కొలతలతో పోల్చింది. కుదిరితే నంబరు రాసింది. రోజుకు ఎనిమిది రాళ్లు, తొమ్మిది రాళ్లు. కొన్ని రోజులు ఒక్కటి కూడా లేదు.

ఆ తొంభై ఏడు ఫొటోల్లోని మనుషుల్లో ఇప్పుడు ఎవరున్నారో ఎవరు లేరో ఆమె అడగలేదు. నెస్లిహాన్ చెప్పలేదు. ఒక ఫొటోలో ఎర్ర స్వెట్టరు వేసుకున్న పిల్ల గోడకు చెవి ఆనించి ఉంది. ఎందుకో తెలియదు. ఆ పిల్ల చెవికి పైన ఉన్న రాయి నంబరు నూట యాభై రెండు.

ఆరో వారానికి నూట డెబ్బై ఒక్క రాళ్లకు చోటు దొరికింది. నలభై మూడు మిగిలాయి. గోడ పైన ఎడమ మూల, కంబళిచెట్టు వెనక. ఏ ఫొటోలోనూ ఆ మూల పడలేదు.

ప్రవీణ్ ఆమె వెనక నిలబడి స్క్రీను చూశాడు.

"ఇక్కడ బ్లాంక్ ఏంటి శశికళ గారూ?"

"తెలియదు."

"బ్లాంక్‌తో డెలివర్ చేయలేం. పక్కన ప్యాటర్న్ ఉంది కదా, కంటిన్యూ చేసేయండి. నలభై మూడు రాళ్లే కదా. సైజులు మీ దగ్గరే ఉన్నాయి, సర్దేయొచ్చు."

"ప్యాటర్న్ లేదు ప్రవీణ్. దొరికిన రాయి దొరికినట్టు పెట్టుకున్నారు వాళ్లు."

"మరి ఎలా సర్దినా తప్పేంటి? ఎవరికి తెలుస్తుంది?"

ఆమె స్క్రీను వైపు తిరిగింది. అతను వెళ్లిపోయాడు. అతని అడుగులు కాన్ఫరెన్స్ గది దాకా వినిపించాయి.

ఆమె ఆ మూల చుట్టూ ఒక చుక్కల గీత గీసింది. లోపల ఏ రాయీ పెట్టలేదు. ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది: ఈ భాగాన్ని చూడలేదు. బొమ్మ కింది పట్టీలో, గీసినవారు అన్నచోట, ఎప్పుడూ కంపెనీ పేరు ఉంటుంది. అక్కడ తన పేరు రాసింది. తనిఖీ చేసినవారు అన్నచోటు ఖాళీగా వదిలేసింది. శుక్రవారం నాలుగు గంటలకు పంపింది. పంపాక జవాబేమైనా వచ్చిందేమో అని చూసింది. లేదు. నీళ్ల సీసా నింపుకోవడానికి లేచింది.

పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. అప్పటికి ఆమె పార్కింగు బొమ్మల్లో ఉంది. నెస్లిహాన్ థాంక్స్ చెప్పలేదు. తిట్టలేదు. బొమ్మ అందింది. నూట డెబ్బై ఒక్క రాళ్లను అలాగే పెడుతున్నాం. మిగిలిన నలభై మూడింటినీ యాకూబ్ ఉస్తాద్ నేల మీద పరిచి, ఒకదాని పక్కన ఒకటి జరిపి చూస్తున్నాడు. కమ్మీ గుంటలు ఎదురెదురుగా కలిస్తే అవి పక్కపక్క రాళ్లేనని అంటున్నాడు. ఇప్పటికి మూడు జతలు కలిశాయి. ఎంత కాలం పడుతుందో ఆయన చెప్పడం లేదు. అంతవరకు ఆ మూల తెరిచి ఉంచుతున్నాం.

కింద ఒక ఫొటో. గోడ కిటికీల ఎత్తు దాకా లేచింది. నలుపు, పసుపు, మళ్లీ పసుపు, ఎక్కడో నలుపు. రాళ్ల మీద తెల్ల నంబర్లు ఇంకా తుడవలేదు.

శశికళ ఆ మెయిలు రెండుసార్లు చదివింది. అక్కడ వానాకాలం ఎప్పుడో ఆమెకు తెలియదు. వెతికి చూసింది. నవంబరులో మొదలవుతుందని ఉంది. అంటే ఇంకో మూడు వారాలు. గోడ పైన తెరిచి ఉన్న చోట నీళ్లు దిగితే మధ్యలో పోసిన కొత్త సున్నం నిలవదు.

ఇక ఆ పని ఆమెది కాదు. ఉత్తరంలో అలాగే రాసి ఉంది. ఆమె జవాబు తెరిచి, ఆ మూల మీద ఏదైనా కప్పుతున్నారా అని ఒక్క వాక్యం రాసి పంపింది.